టైపు ఎత్తు తుపాకులు

బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆటో దిగారంటే ఇక మీ నడక మీ చేతుల్లో ఉండదు. వన్ టౌన్ సందుల్లో మనిషి కంటే మూటకే ముందు దారి. బట్టల బేలు నెత్తిన పెట్టుకున్న ముఠా కార్మికుడు "జరగండి, జరగండి" అంటూనే మిమ్మల్ని దాటేస్తాడు. అతని వెనకాల తోపుడు బండి, దాని వెనక బస్తాల రిక్షా, దాని వెనక హారన్ మీద నుంచి వేలు తియ్యని స్కూటీ. ఎండు మిర్చి ఘాటుకు ఒక తుమ్ము వస్తుంది. నాలుగడుగులు వేసేసరికి కొత్త గుడ్డల గంజి వాసన. తలెత్తితే మేడల సందులోంచి ఇంద్రకీలాద్రి రాయి కనిపిస్తుంది. సామారంగం చౌక్ దాటాక ఒక పెళ్ళికార్డుల షాపు పక్కన, ఒక్క మనిషి మాత్రమే పట్టే మెట్లున్నాయి. ఎక్కండి. పై మెట్టు దగ్గర తల వంచాలి, దూలం తగులుతుంది.

గదిలో సగం చోటు ట్రెడిల్ మిషన్‌దే. దాన్ని తొక్కి చాలా కాలమైనట్టు చక్రం మీది దుమ్మే చెబుతోంది. గోడవార కేసులు, కేసుల్లో సీసపు అక్షరాలు. ఒత్తులకు వేరే అరలు, గుణింతాలకు వేరే అరలు. కిరసనాయిలూ సిరా కలిసిన వాసన ఇంకా గదిని వదల్లేదు. కుర్చీలోంచి లేస్తున్న పెద్దాయన్ని వీధి వీధంతా ఫోర్‌మన్ గారనే పిలుస్తుంది. కంపోజిటర్‌గా చేరి, ఫోర్‌మన్‌గా పని చాలించిన మనిషి.

"కింద షాపు మా అబ్బాయిదండీ. ఆఫ్‌సెట్టూ, ఫ్లెక్సీలూ, కార్డులూ అన్నీ వాడివే. ఈ గదొక్కటే నాది. మజ్జిగ తాగుతారా?"

తాగుతామంటారు మీరు.

"తాగి చెయ్యి కడుక్కోండి. తడి పూర్తిగా ఆరాకే కాగితం ముట్టుకోవాలి."

మంచం కింద నుంచి రేకు పెట్టె బయటికొస్తుంది. లోపల బటర్ పేపర్ల మధ్య పాత ఆకులు. ఎప్పుడో చిత్తుకాగితాల బేలులో వచ్చిన కట్ట అట. ఎవరో విదేశీ విజ్ఞాన సర్వస్వాలను విప్పి, బొమ్మల పేజీలు ఒక్కొక్కటిగా అమ్ముకోగా మిగిలినవి. పాత అచ్చుబొమ్మల వ్యాపారం ప్రపంచమంతటా ఇలాగే సాగుతుంది. ఇరవై సంపుటాల సెట్టు మొత్తం కొనేవాడు దొరకడు. ఒక బొమ్మ కొని ఫ్రేము కట్టించుకునేవాడు ఎక్కడైనా దొరుకుతాడు. అందుకని పుస్తకాన్ని చంపి బొమ్మల్ని బతికిస్తారు. నాకు ఆ వ్యాపారం మీద గొప్ప గౌరవమేమీ లేదు. అయితే అది లేకపోతే లైప్‌జిగ్‌లో అచ్చయిన ఆకు వన్ టౌన్ మేడ మీదికి వచ్చేదీ కాదు.

మొదటి ఆకు 1880ల నాటి మేయర్స్ విజ్ఞాన సర్వస్వంలోది, జర్మన్ పుస్తకం. పేజీ నిండా చేతి తుపాకులు. నిలువుగా కోసినవి, అడ్డంగా కోసినవి, విప్పి పరిచినవి. ప్రతి ముక్క పక్కనా చిన్న అక్షరం, చిన్న అంకె. మనుషులు లేరు, చేతులు లేవు, పొగ లేదు. మీ కళ్ళు నేరుగా తుపాకీల మీదికే వెళ్తాయి. ఫోర్‌మన్ గారికి అది తెలుసు. ప్రెస్సుల్లో అచ్చు నాణ్యం చూసే మడత భూతద్దం, లూపు, మీ చేతిలో పెడతారు.

"తుపాకులు తర్వాత చూద్దురుగాని. ముందు చుక్కలున్నాయేమో చూడండి."

లూపు కాగితానికి ఆనించి కన్ను దగ్గర పెట్టండి. చుక్కలు లేవు. ఉన్నవన్నీ గీతలే, ఒక్కొక్కటీ తెగి, వంగి, మళ్ళీ మొదలైన గీతలు. చుక్కలు కనిపించి ఉంటే అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో తీసిన నకలు. పాతదని చెప్పి అమ్మేవాళ్ళలో చాలామంది చేతిలో ఉండేది అదే. ఇప్పుడు ఆకు తిరగేసి, వెనక వైపు వేలి కొసతో మెల్లగా నిమరండి. అక్కడక్కడా గరుకు తగులుతుంది. ఉబ్బెత్తు గీత కాగితాన్ని నొక్కిన గుర్తు అది. ఎన్ని ఫొటోలు చూసినా వేలికి అందని సంగతి.

"ఇది రాగిరేకు కాదండీ, చెక్క," అంటారాయన. "రాగిరేకైతే గీత లోతుగా ఉంటుంది, సిరా గుంటలో నిలుస్తుంది, దానికి మిషన్ వేరు. చెక్క అలా కాదు. టైపు ఎత్తుకు కోస్తే టైపుతో పాటే ఫారంలో బిగించొచ్చు. బొమ్మా మాటా ఒకే దెబ్బకు అచ్చవుతాయి."

టైపు ఎత్తంటే 23.3 మిల్లీమీటర్లు. ఆయన కేసులో నుంచి ఒక సీసపు 'క' తీసి బల్ల మీద నిలబెట్టి చూపిస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో బొమ్మల పత్రికలు ఊరూరా పుట్టడానికి పెద్ద కారణం ఈ ఎత్తేనంటే నమ్మబుద్ధి కాదు. 1842లో లండన్‌లో ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్, 1845లో న్యూయార్క్‌లో సైంటిఫిక్ అమెరికన్ మొదలయ్యాయి. రాజుగారి ఊరేగింపు నుంచి రివాల్వర్ చక్రం దాకా చెక్కమీద చెక్కి, అక్షరాల పక్కన బిగించి, వారం వారం వదిలారు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లు వందలకొద్దీ బల్లమీద పరిచాడు. వాటిని కళ్ళతో చూసినవాళ్ళ కంటే బొమ్మల్లో చూసినవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇప్పుడు తుపాకీ చూడండి. పేజీలో నిలువునా కోసి చూపించినదాన్ని పట్టుకోండి. ఏటవాలు గీతలు నింపిన భాగం కోతపడిన ఇనుము. ఖాళీగా తెల్లగా వదిలిన చోట గాలి. గొట్టం మీద పొడవునా సాగే గీతలు పైన పలచగా, కిందకొచ్చేకొద్దీ చిక్కగా ఉంటాయి. వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతోందని ఆ కాలపు చెక్కుడువాళ్ళంతా ఒప్పుకున్న పద్ధతి అది. అది తెలిశాక గొట్టం పేజీలోంచి గుండ్రంగా లేచి నిలబడుతుంది.

మధ్యలో స్ప్రింగు చుట్ట. చుట్ట లోపలి నుంచి సన్నటి సూది. ఇది డ్రైజె సూది తుపాకీ, 1841లో ప్రష్యా సైన్యం తీసుకున్నది. ట్రిగ్గర్ నొక్కితే సూది ముందుకు దూకి, కాగితపు తూటాను వెనక నుంచి పొడుచుకుంటూ, మందును చీల్చుకుని, గుండు అడుగున ఉన్న పేలుడు బిళ్ళను తాకుతుంది. నేల మీద బోర్లా పడుకునే మళ్ళీ నింపుకోవచ్చు. 1866 జూలై 3న సడోవా దగ్గర ఆస్ట్రియా సైనికులు నిలబడి, గొట్టం మూతిలోంచి మందు కూరి, గజంతో దట్టించుకుంటూ ఉన్నారు. వాళ్ళు ఒకసారి పేల్చేలోగా అవతలివాడు నాలుగైదు సార్లు పేల్చాడు. అదంతా ఈ బొమ్మలో అరచేతి వెడల్పున, నిశ్చలంగా ఉంది. స్ప్రింగు చుట్టలు లెక్కపెట్టాలనిపిస్తుంది. పెట్టండి, ఎవరూ చూడరు.

దాని పైవరసలో సుత్తి, ఆ సుత్తి కింద చిన్న టోపీలాంటిది. అది పర్కషన్ క్యాప్. దీన్ని వివరించడానికి వన్ టౌన్‌లో దీపావళి చాలు. పిల్లల రేకు తుపాకీలో ఎర్ర కాగితం రీలు పెట్టి ట్రిగ్గర్ లాగితే సుత్తి పడుతుంది, చుక్క పేలుతుంది, పొగ ముక్కుకెక్కుతుంది. ఆ చుక్కది ఏ సూత్రమో ఈ టోపీదీ అదే. నిప్పు అక్కర్లేదు, దెబ్బ చాలు. దీనికి దారి వేసినవాడు అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ చర్చి పాదిరి. చెకుముకి తుపాకీ రాయి రాజుకున్న మెరుపు చూసి బాతులు ముందే లేచిపోతున్నాయని ఆయన బాధ. 1807లో పేటెంటు తీసుకున్నాడు. బాతుల వేట కోసం పాదిరిగారు కనిపెట్టినది యాభై ఏళ్ళలో ఖండాలన్నిటి సైన్యాల చేతికీ వచ్చింది.

రెండో ఆకు ఇంగ్లీషు పుస్తకంలోది, ఇంగ్లీషు సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ తూటా. 1853 నమూనా తుపాకీకి, .577 అంగుళాల గొట్టానికి చేసినది. కాగితం పొట్లం, అందులో మందు, మందు చివర గుండు, గుండు అడుగున గుంట. గుంటలో ఒక బిరడా. పేలినప్పుడు ఆ బిరడా లోపలికి దూరి మెత్తటి సీసాన్ని విప్పారేలా చేస్తుంది. సీసం గొట్టం లోపలి మరగీతలకు పట్టుకుని గిర్రున తిరుగుతూ పోతుంది. బిరడా దేంతో చేశారు? బాక్స్‌వుడ్‌తో. ఈ బొమ్మ చెక్కింది దేనిమీద? అదీ బాక్స్‌వుడ్ మీదే. తుర్కీ, కాకసస్ కొండల నుంచి ఓడల్లో వచ్చిన పసుపుపచ్చటి గట్టి చెక్క. కొంత తూటాల్లోకీ, కొంత తూటాల బొమ్మల్లోకీ వెళ్ళింది.

ఈ తూటాను పళ్ళతో కొరకాలి. కొరికి, మందు గొట్టంలో పోసి, మిగతాది గుండుతో సహా దట్టించాలి. కాగితానికి పూసింది ఆవు కొవ్వో పంది కొవ్వో అన్న అనుమానమే 1857లో మీరట్‌ సిపాయిల తిరుగుబాటు దాకా పాకింది. చెక్కినవాడు ఇనుమునీ కాగితాన్నీ మందు పొడినీ వేర్వేరు గీతలతో ఎంత బాగా విడదీశాడో చూడండి. కొవ్వును మాత్రం చూపించలేకపోయాడు. దానికి గీత లేదు.

ఫోర్‌మన్ గారు కిటికీ రెక్క కాస్త దగ్గరికి లాగుతారు, ఎండ నేరుగా కాగితం మీద పడకుండా. ఈలోగా మనం ఇంకోచోటికి పోయి రావచ్చు.

1866, వేసవి. లండన్ స్ట్రాండ్ వెనక సందులో మూడో అంతస్తు. రాత్రయింది. పొడవాటి బల్ల, దాని చుట్టూ ఎనిమిది మంది. బల్ల మధ్య దీపం, దీపం ముందు నీళ్ళు నింపిన గాజు గోళాలు. గోళం దీపపు వెలుగును పోగుచేసి ఒక్కొక్కరి ముందున్న చెక్క మీద ఒక్క చోట పడేస్తుంది. మీరు ఆ వరసలో చివరి స్టూలు మీద కూర్చున్నారు. ముందు ఇసుక నింపిన తోలు దిండు, దాని మీద మీ చెక్క. కొమ్మను పొడవునా చీల్చిన పలక కాదిది, అడ్డంగా కోసిన బిళ్ళ. పొడవు పలకలో పోగులుంటాయి, ఉలి పోగును పట్టుకుని పక్కకు జారుతుంది. అడ్డకోతలో పోగులన్నీ నిలువునా మీవైపు తలలెత్తి ఉంటాయి, కాబట్టి ఏ వైపుకు తోసినా గీత ఒకేలా తెగుతుంది. మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి తేలిక చెక్క, మెత్తన. దాన్ని ఏనుగుగా మలచడం సులువు. దానిమీద తలవెంట్రుకంత గీత నిలవమంటే నిలవదు.

చేతిలో బ్యూరిన్. పిడి అరచేతిలో ఇమిడిపోతుంది, సన్నటి ఉక్కు పుల్ల బయటికి ఉంటుంది. సుత్తి లేదు. అరచేత్తో తోయడమే. గీత వంపు తిరగాల్సి వస్తే చెయ్యి తిప్పరు, దిండు మీద చెక్కనే తిప్పుతారు. చలికాలమైతే నోటికి అడ్డం కూడా కట్టుకుంటారు, ఊపిరి తడి చెక్క మీద పడి పెన్సిలు గీత చెరగకుండా. చెక్క మీద చిత్రకారుడు ముందే బొమ్మ గీసి ఇచ్చాడు, అదీ తిరగేసి. మీ పని తెల్లగా ఉండాల్సినదంతా తీసెయ్యడం. నల్లగా ఉండాల్సింది మిగులుతుంది. ఒక గీత తప్పితే రబ్బరు లేదు. అక్కడ రంధ్రం చేసి, చిన్న చెక్క ముక్క దిగ్గొట్టి, నున్న చేసి, ఆ ముక్క మీద మళ్ళీ చెక్కాలి.

మీ ముందున్నది పూర్తి బొమ్మ కాదని ఈపాటికి కనిపెట్టి ఉంటారు. బాక్స్‌వుడ్ సన్న చెట్టు, పెద్ద బిళ్ళ రాదు. అందుకని చిన్న బిళ్ళలు చాలా తీసుకుని వెనక నుంచి మరలతో బిగించి పెద్ద పలక చేస్తారు. చిత్రకారుడు దానిమీద గీశాక మరలు విప్పేసి, ముక్కకు ఒకరికి పంచుతారు. అతుకు మీదుగా పోయే గీతల్ని మాత్రం పెద్ద మేస్త్రి ముందే కొంత చెక్కి పెడతాడు, తెల్లారి కలిపినప్పుడు తేడా రాకుండా. మీకు వచ్చింది సూది తుపాకీ మడమ ముక్క. అవతలి కుర్రాడికి స్ప్రింగు. వాడి అదృష్టం. ఆ మూల నున్నటి గొట్టం దొరికినవాడు గీత మీద గీత, గీత మీద గీత, రాత్రంతా అదే. మొత్తం తుపాకీ ఎలా ఉంటుందో పత్రిక అచ్చయ్యాకే మీలో ఎవరికైనా తెలిసేది. మూలన సంతకం పడుతుంది, వర్క్‌షాపు పేరుతో. డాల్జియల్ సోదరుల పేరు వేల బొమ్మల మీద ఉంది. వాటిలో చాలా వాటిని చెక్కిన చేతులు వాళ్ళవి కావు.

తిరిగి రండి. ఫోర్‌మన్ గారు మూడో ఆకు తీసి కిటికీ వెలుగుకు పట్టారు. పాత వారపత్రిక నుంచి చింపిన పేజీ, ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ హాలు, కప్పు దాకా బెల్టులు, బెల్టుల కింద లేతులు. 1854లో ఇంగ్లండ్ నుంచి ఒక బృందం అమెరికా వెళ్ళి స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం చూసి, అలాంటి యంత్రాలు కొని తెచ్చింది. ఏ తుపాకీ భాగమైనా ఏ తుపాకీలోనైనా సరిపోవాలన్నది లక్ష్యం. ఆ హాలు మధ్యలో పై నుంచి కింద దాకా సన్నటి తెల్ల గీత ఒకటి. కంటికి అందీ అందకుండా ఉంటుంది. పలకల అతుకు కాస్త విడిపోయి, సిరా అంటక మిగిలిన గీత. ముక్కలన్నీ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయే తుపాకీల ఫ్యాక్టరీని చూపించే బొమ్మలో బొమ్మ ముక్కలే సరిగ్గా అతకలేదు. నేనైతే పెట్టె మొత్తంలో కొనేది ఈ ఒక్క ఆకే.

"ఇందులో ఇంకోటుంది చూడండి," అంటారాయన, నాలుగో ఆకు చూపిస్తూ. ఒక వేటగాడు, చేతిలో తుపాకీ. మీకేమీ కనిపించదు. ఆయన నవ్వుతారు. జీవితమంతా అక్షరాలను తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి చదివిన కళ్ళవి. "సుత్తి ఎటువైపుంది? తుపాకీ సుత్తి కుడి పక్కనుంటుంది. ఇది ఎడమనుంది. చెక్క మీద తిరగేసి గియ్యడం మర్చిపోయాడు. అచ్చులో తారుమారైంది."

ఇలాంటి పొరపాటే ఒక మనిషిని ఎడమచేతివాటం వాడిగా మార్చేసింది. బిల్లీ ద కిడ్ అనే అమెరికా తుపాకీ కుర్రాడికి మిగిలిన పేరున్న ఫొటో ఒక్కటే, రేకు మీద పడినది. ఆ పద్ధతిలో బొమ్మ అద్దంలోలా తిరగబడి వస్తుంది. నడుముకు ఎడమవైపు పిస్తోలు చూసి వాడు ఎడమచేతి వాటమని దశాబ్దాలు చెప్పుకున్నారు, సినిమా కూడా తీశారు. చివరికి గుట్టు విప్పింది చేతిలోని వించెస్టర్ 1873 తుపాకీయే. దానికి తూటాలు కూరే తలుపు కుడివైపే ఉంటుంది. ఫొటోలో ఎడమవైపుంది.

మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ఒక్క సంగతి ఆలోచించండి. ఈ బొమ్మలు అచ్చవుతున్న రోజుల్లో ఈ వీధిలో తుపాకీ లోపలేముందో ఎవరికి తెలుసు? 1878 మార్చిలో వైస్రాయ్ లిట్టన్ రెండు చట్టాలు తెచ్చాడు. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టేది, రెండోది ఆయుధాల చట్టం. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంటే నేరం. తెల్లవాళ్ళకు మినహాయింపు. పత్రికల చట్టాన్ని తర్వాతి వైస్రాయ్ రిప్పన్ వచ్చాక తీసేశారు. ఆయుధాల చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఉండి, 1959లో కొత్త చట్టం వచ్చాకే పోయింది. బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్ళండి. 1887 జూన్‌లో రాణిగారి జూబిలీకని రాబర్ట్ సెవెల్ శంకుస్థాపన చేసిన విక్టోరియా జూబిలీ మ్యూజియం అదే. కత్తులు, డాళ్ళు, కవచాలు అద్దాల వెనక వరసగా ఉంటాయి. అందంగా, హానిలేకుండా. దొరల రాజ్యానికి మన దగ్గర నచ్చిన ఆయుధాలు అలాంటివే.

సిపాయి చేతికి తుపాకీ ఇచ్చారు కదా అంటారేమో. ఇచ్చారు. 1857 తర్వాత భారతీయ సిపాయిల కోసం ఒక ప్రత్యేక నమూనా చేశారు, 1859ది. బయటికి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డ్. గొట్టం లోపల మాత్రం మరగీతలు లేవు, నున్న. తెల్ల సైనికుడి గుండు పోయినంత దూరం, అంత గురిగా ఈ గుండు పోదు. బయటి రూపం చెక్కిన బొమ్మలో ఈ రెంటికీ తేడా మీరు పట్టలేరు. అడ్డంగా కోసి చూపిస్తేనే గుట్టు బయటపడుతుంది. తర్వాత కూడా అంతే. తెల్ల పటాలాలకు మార్టినీ హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్ళకు పాత స్నైడర్లు, వాళ్ళకు లీ మెట్‌ఫర్డ్ వచ్చాక మనవాళ్ళకు మార్టినీలు. ఎప్పుడూ ఒక తరం వెనక. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ అయితే దక్షిణాది సైనికుడు యుద్ధానికే పనికిరాడని తేల్చాడు. అటు తర్వాత తెలుగువాళ్ళను పటాలాల్లో చేర్చుకోవడమే తగ్గిపోయింది.

మెట్లు దిగండి. వెళ్ళొస్తామని చెప్పి, ఆకుల జెరాక్సు కింద అబ్బాయి దగ్గర తీయించుకోండి, అసలువి ఆయన ఇవ్వరు. సందులు దాటి చిట్టినగర్ సొరంగం వైపు నడవండి. ఎండ నడినెత్తిన ఉంది, అరుగుల నీడ పట్టుకుని నడవండి. ఈ చిట్టినగర్‌లోనే పింగళి వెంకయ్య గారు చివరి రోజులు గడిపారు. సైన్యంలో పనిచేసినందుకు ఇచ్చిన స్థలంలో ఇల్లు వేసుకున్నారని చెబుతారు. 1963 జూలై 4న పోయారు, బీదతనంలో. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీగారి చేతికి జాతీయ జెండా నమూనా ఇచ్చిన మనిషిగా ఊరంతటికీ తెలుసు. కుర్రతనంలో దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధానికి వెళ్ళిన సైనికుడన్నది ఆ జెండా చాటున ఉండిపోయింది.

ఆయన వెళ్ళిన యుద్ధం, 1899 నుంచి 1902 దాకా నడిచినది, మన రేకు పెట్టెలోని బొమ్మలకు అంతిమయాత్ర లాంటిది. రెండు కారణాలు. 1884లో ఫ్రాన్సులో పోల్ వియేల్ పొగలేని మందు తయారుచేశాడు. అంతకుముందు యుద్ధపు బొమ్మల్లో చెక్కుడువాడికి పని కల్పించింది పొగే. తెల్లటి మేఘాలు వదిలేస్తే సగం పేజీ నిండేది, ఎవరు ఎక్కడి నుంచి పేల్చారో పొగే చెప్పేది. బోయర్ రైతులు గుట్టల వెనక పడుకుని, అయిదు తూటాల క్లిప్పుతో నిండే జర్మన్ మౌజర్లు పేలుస్తుంటే ఇంగ్లీషు సైనికులకు శత్రువు కనిపించలేదు. కనిపించనిదాన్ని ఎవరు చెక్కుతారు? రెండోది హాఫ్‌టోన్. ఫొటోను చుక్కలుగా విడగొట్టి లోహపు రేకు మీదికి ఎక్కించి, టైపు ఎత్తుకు బిగించే పద్ధతి 1880లలో నిలదొక్కుకుంది. 1890లు ముగిసేసరికి స్ట్రాండ్ వెనక బల్లలు ఖాళీ అయ్యాయి. ఫోర్‌మన్ గారు మిమ్మల్ని చుక్కలు వెతకమన్నది అందుకే. ఆ తర్వాత అచ్చయిన యుద్ధాలన్నీ చుక్కలే. యాభై అరవై ఏళ్ళ పాటు మన పత్రికలు సినిమా బొమ్మలకు చేయించుకున్న జింకు బ్లాకులు ఆ వంశానివే.

మరి చెక్క మీద చెక్కేవాళ్ళెవరూ మిగల్లేదా? మిగిలారు. మధ్యాహ్నం బస్సు పట్టుకోండి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన వరి. పామర్రు దగ్గర కూచిపూడి వైపు చీలే దారి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రుకు పోతుంది. మనం అటు పోవద్దు, పెడన పోదాం.

పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు. పొడవాటి బల్లలు, వాటి మీద గోనె పరుపు, గోనె మీద కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ. అద్దేవాడు అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో గుద్ది, లేపి, పక్కనే మళ్ళీ పెడతాడు. నలుపు తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసినది. ఎరుపు పటికతో పలికిస్తారు. ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు, రంగుకొకటి కావాలి. షెడ్డు పక్క వరండాలో అచ్చులు చెక్కే మేస్త్రి కింద కూర్చుని ఉన్నారు, పాదాల మధ్య టేకు ముక్క బిగించుకుని. చిన్న ఉలి, చిన్న సుత్తి, చుట్టూ పొట్టు.

జెరాక్సులు ఆయన ముందు పరచండి. ఇది ఏ తుపాకీ అని అడగరు. ఏ దేశందనీ అడగరు. కాగితం తలకిందులు చేస్తారు, పక్కకు తిప్పుతారు, గోటితో గొట్టం మీది గీతల వెంట వెళ్తారు.

"గీత వదిలాడా, గీత తీశాడా?"

పెడనలో గీతను వదిలి చుట్టుపక్కలది తీసేస్తారు. బొమ్మలో మీరు లూపుతో చూసింది గుర్తు తెచ్చుకుని చెప్పండి: అంచుల దగ్గర వదిలాడు, నీడల్లో తీశాడు.

"ఆఁ. రెండూ చేశాడు. ఇదిగో ఇక్కడ ఉలి నొక్కి వదిలాడు, గీత లావయ్యింది. ఇక్కడ భయపడ్డాడు." ఆయన వేలు సూది తుపాకీ మడమ మీద ఆగింది. "టేకు మీద ఇంత సన్నం నిలబడదండీ. నిలబడ్డా గుడ్డ మీద గుద్దితే రంగు పూడిపోద్ది. కాగితం కాబట్టి సరిపోయింది."

కాగితం మీకు తిరిగి ఇవ్వబోయి, మళ్ళీ దగ్గరికి తీసుకుంటారు. స్ప్రింగు మీద వేలు పెడతారు.

"ఈ చుట్ట ఒక్కటీ వస్తది. పెద్దది చేసి ఇచ్చారంటే బోర్డరుకు పనికొస్తది, చీరంచు పొడవునా ఒకదాని వెనక ఒకటి వేసుకోవచ్చు. నాలుగంగుళాలు చాలా, ఆరు కావాలా? ఆరైతే మధ్యలో పువ్వు పడద్ది. టేకు ఖరీదు వేరే, మజూరీ వేరే. అడ్వాన్సు ఇచ్చి వెళ్ళండి, వచ్చే వారం ఫోన్ చేస్తా."